నౌపడ–గుణుపూర్ రైలు: పాస్‌పోర్టు లేదు, చెక్‌పోస్టు లేదు.. రాష్ట్ర సరిహద్దు కంటే ముందే పుట్టిన ఈ లైన్ కథ తెలుసా?

మలేషియాలోని జోహోర్ బారు నుంచి సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్‌కు రైల్లో ఐదు నిమిషాలే. కానీ పాస్‌పోర్టు చూపించి, రెండు దేశాల ఇమిగ్రేషన్ తనిఖీలు దాటాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్‌లో రైలెక్కి ఒడిశాలోని పర్లాకిమిడిలో దిగేవాళ్లకు ఆ బాధ లేదు. జేబులో జనరల్ టికెట్ ఉంటే చాలు. మూలపేట, టెక్కలి, ఉద్దానం జనానికి బాగా తెలిసిన ఈ లైన్.. వయసులో ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కంటే 36 ఏళ్లు పెద్దది. ఇప్పుడు ఇదే లైన్ మీద మరో గీత పడుతోంది. అదేంటో చూద్దాం.

లైన్ ఎక్కడి నుంచి ఎక్కడికి?

హౌరా–చెన్నై మెయిన్ లైన్‌పై ఉన్న నౌపడ జంక్షన్ దగ్గర ఈ బ్రాంచ్ లైన్ మొదలవుతుంది. నౌపడ, మూలపేట రెండూ సంతబొమ్మాళి మండలంలోనివే. అక్కడి నుంచి టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం మీదుగా రైలు వెళ్తుంది. పాతపట్నం దాటితే మహేంద్రతనయ నది.. ఆ పక్కనే పర్లాకిమిడి, అంటే ఒడిశా. తర్వాత కాశీనగర్ మీదుగా వంశధార ఒడ్డునున్న గుణుపూర్ చేరుతుంది. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. ఇందులో పర్లాకిమిడి వరకు సుమారు 40 కిలోమీటర్లు.

రాజు వేయించిన బుల్లి రైలు

19వ శతాబ్దం చివర్లో తూర్పు తీరం వెంట మెయిన్ లైన్ వచ్చింది. నౌపడలో స్టేషన్ పడింది. తన రాజధానికి కూడా రైలు ఉండాలని పర్లాకిమిడి రాజు అనుకున్నారు. 1898లో పని మొదలైంది. అంచనా ఖర్చు అప్పట్లో 7 లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే ప్రారంభమైంది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే కాబట్టి రైలు కూడా బుల్లిదే. మొదట్లో నష్టాలు వచ్చినా తర్వాత నిలదొక్కుకుంది. 1931 నాటికి లైన్‌ను గుణుపూర్ వరకు పొడిగించారు.

రైలు వెళ్లలేదు.. సరిహద్దే వచ్చింది

అప్పట్లో ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. టెక్కలి నుంచి పర్లాకిమిడి వెళ్లడమంటే పక్క ఊరికి వెళ్లడమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్స్‌గా ఏర్పడింది. రైలు మొదలై సరిగ్గా 36 ఏళ్లయిన రోజది! పర్లాకిమిడి ఎస్టేట్ రెండుగా చీలింది. పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు వెళ్లింది. పాతపట్నం, టెక్కలి మద్రాసు వైపు ఉండిపోయి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలో భాగమయ్యాయి.

ఊళ్లు విడిపోయినా పట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. పెళ్లి సంబంధాలు, సంత బేరాలు, ఆస్పత్రి పనులు ఏవీ ఆగలేదు. రెండు వైపులా తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి.

ఒక్క టికెట్ ఎందుకు చాలు?

రాజ్యాంగం ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోని అంశం. అందుకే రాష్ట్రం మారినా టికెట్ మారదు, అనుమతి అక్కర్లేదు. అదే బస్సు రాష్ట్రం దాటాలంటే పర్మిట్లు, రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందాలు కావాలి.

దేశాల మధ్య అయితే ఇంకా కష్టం. థాయ్‌లాండ్ నుంచి లావోస్‌కు 2009లోనే రైలు వచ్చినా, సరిహద్దు దగ్గరి తానలేంగ్‌లో ఆగిపోయేది. బ్యాంకాక్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కు నేరుగా రైలు 2024 జులైలో కానీ మొదలవ్వలేదు. ఇప్పటికీ దారిలో దిగి పాస్‌పోర్టుపై స్టాంపు వేయించుకోవాల్సిందే.

గేజ్ మారాక ఏమైంది?

గేజ్ మార్పిడి కోసం 2004 జూన్‌లో బుల్లి రైలును ఆపేశారు. పర్లాకిమిడి వరకు బ్రాడ్‌గేజ్ రైలు వచ్చేసరికి 2010 అయింది. గుణుపూర్ చేరింది 2011లో. అన్నేళ్లూ జనం బస్సులు, ఆటోల మీదే ఆధారపడ్డారు. కానీ పెద్ద లాభం ఒకటి జరిగింది. బుల్లి రైలు రోజుల్లో ఎవరైనా సరే నౌపడలో దిగి వేరే రైలు ఎక్కాల్సిందే. ఇప్పుడు విశాఖపట్నం–గుణుపూర్ ప్యాసింజర్, రూర్కెలా–గుణుపూర్ రాజ్యరాణి లాంటి రైళ్లు నేరుగా బ్రాంచ్ లైన్‌లోకి వస్తాయి.

ఇప్పుడు పడుతున్న కొత్త గీత

2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీసింది. ఈ నిర్ణయం ప్రకారం నౌపడ–పర్లాకిమిడి భాగం దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లోని విశాఖపట్నం డివిజన్‌కు వస్తుంది. పర్లాకిమిడి–గుణుపూర్ భాగం తూర్పు కోస్తా జోన్‌లోని కొత్త రాయగడ డివిజన్‌కు వెళ్తుంది. అంటే 90 కిలోమీటర్ల లైన్‌కు ఇద్దరు యజమానులు!

ప్రయాణికుడికి టికెట్ ఒక్కటే, అందులో మార్పేమీ ఉండదు. అసలు చిక్కు వేరే ఉంది. కొత్త రైలు వేయాలన్నా, టైం మార్చాలన్నా, హాల్ట్ అడగాలన్నా రెండు జోన్లు ఒక మాట మీదకు రావాలి. ఇక్కడ మరో విచిత్రం ఉంది. పర్లాకిమిడి ఒడిశా పట్టణమైనా అక్కడి వరకు లైన్ విశాఖ డివిజన్‌దే. పలాస–ఇచ్ఛాపురం మధ్య లైన్ ఆంధ్రాలో ఉన్నా ఖుర్దా రోడ్ డివిజన్ కింద నడుస్తోంది. దాన్ని కూడా విశాఖలో కలపాలన్నది సిక్కోలు వాసుల డిమాండ్.

మూలపేటకు ఏం లాభం?

గుణుపూర్ దగ్గర ఈ లైన్ ఇప్పటికీ ఆగిపోతుంది. అక్కడి నుంచి రాయగడ జిల్లాలోని తేరుబలి వరకు 73.62 కిలోమీటర్ల కొత్త లైన్‌కు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. అది పూర్తయితే బ్రాంచ్ లైన్ కాస్తా రాయగడ వైపు దారి అవుతుంది. మరోవైపు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు నౌపడకు దగ్గర్లోనే ఉంది. ఒడిశా లోపలి ప్రాంతాల సరుకు సముద్రానికి చేరడానికి ఈ దారి పనికొస్తుంది. గూడ్స్ రైళ్లు పెరిగితే ప్యాసింజర్ రైళ్లను పక్కన ఆపేస్తారా, లేక వాటినీ పెంచుతారా అన్నదే టెక్కలి, పాతపట్నం ప్రయాణికులకు అసలు ప్రశ్న.

ఒక్క చూపులో..

* 1900: నౌపడ–పర్లాకిమిడి బుల్లి రైలు ప్రారంభం
* 1931: గుణుపూర్ వరకు పొడిగింపు పూర్తి
* 1936: ఒడిశా ఏర్పాటు, లైన్ మధ్యలో సరిహద్దు
* 2004: బుల్లి రైలుకు సెలవు
* 2010–2011: బ్రాడ్‌గేజ్ రైళ్లు
* 2024: గుణుపూర్–తేరుబలి లైన్‌కు ఆమోదం
* 2025: లైన్‌ను రెండు డివిజన్లకు పంచుతూ నిర్ణయం
* ఫిర్యాదు ఏ డివిజన్‌కు ఇవ్వాలో తెలియకపోతే: రైల్ మదద్ హెల్ప్‌లైన్ 139. ఏ జోన్ రైలుకైనా ఇదే నంబర్.