ఇమామ్ గజాలీ: వారసత్వ విశ్వాసం, నిశ్చయ జ్ఞానం

తఖ్లీద్ అనే అరబీ పదాన్ని తెలుగులో ‘అంధానుకరణ’ అని అనువదించడం పరిపాటి. అది పూర్తిగా సరిపోయే మాట కాదు. ఆ పదానికి సంబంధించిన ‘ఖిలాదా’కు మెడలో వేసే హారమనీ, పశువు మెడకు కట్టే పట్టెడ అనీ అర్థం. ఒకరి మాటను ఆధారం అడగకుండా స్వీకరించి, దాని మంచిచెడ్డల బాధ్యతను ఆ చెప్పినవాని మెడకే తగిలించి నడిచిపోవడం తఖ్లీద్. ధర్మశాస్త్ర వివరాల్లో సామాన్యునికి ఇది తప్పనిసరి. జకాత్ లెక్క తెలియనివాడు తెలిసిన ఆలిమ్‌ను అడిగి చెల్లిస్తాడు. ఇందులో అంధత్వమేమీ లేదు. కాని దేవుడు ఒక్కడే అనీ, మరణానంతరం ఆయన సన్నిధిలో లెక్క అప్పజెప్పాలనీ నమ్మే విషయంలో కూడా ‘మా పెద్దలు అలా నమ్మారు’ అన్న జవాబు చాలుతుందా? తాతముత్తాతల దారినే పట్టుకుంటామన్నవారిని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల గర్హించింది. ఆ పెద్దలకు ఏమీ తెలియకపోయినా వారినే అనుసరిస్తారా అని బఖరా సూరా 170వ ఆయత్ నిలదీస్తుంది. ఆ మందలింపు అవిశ్వాసులకే గదా అని ఊరట చెందడం సులభం. ముస్లిం ఇంట పుట్టి, ముస్లిం గురువుల వద్ద చదివి, అదే ప్రశ్నను తనకు తాను వేసుకోవడం కష్టం. ఆ కష్టాన్ని కొనితెచ్చుకున్నవారిలో అగ్రగణ్యులు ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి).

ఆయన హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్ నగర ప్రాంతంలో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బ్రతికే సామాన్యుడని చరిత్రకారుడు సుబ్కీ రాశారు. విద్వాంసుల సభల్లో కూర్చోవడం ఆయనకు ప్రీతి. తాను చదువుకోలేదన్న బాధ మాత్రం తీరలేదు. మరణ సమయంలో ఇద్దరు కుమారులను, ఉన్న కొద్దిపాటి డబ్బును ఒక సూఫీ మిత్రునికి అప్పగించి, ఆ డబ్బంతా చదువుకే ఖర్చు చేయమని కోరారు. డబ్బు అయిపోయింది. ఇక మీరు ఏదైనా మదరసాలో చేరండి, కనీసం తిండి అయినా దొరుకుతుందని ఆ మిత్రుడు పిల్లలను పంపించాడు. తాము విద్యను ఆరంభించింది దేవుని కోసం కాదనీ, ఆ విద్యే చివరకు తమను దేవుని వైపు లాక్కుపోయిందనీ గజాలీ తరువాతి కాలంలో చెప్పుకునేవారట.

యవ్వనంలో జరిగిన మరో సంఘటనను కూడా సుబ్కీ నమోదు చేశారు. జుర్జాన్‌లో చదువు ముగించుకుని ఇంటికి వస్తున్న గజాలీని దారిలో దొంగలు దోచుకున్నారు. ఆయన వారి వెంటపడి, మిగతావన్నీ తీసుకోండి గాని గురువుగారి పాఠాలు రాసుకున్న కాగితాల మూట మాత్రం ఇచ్చివేయమని బతిమాలారు. అది మీకు పనికిరాదు, నా విద్య అంతా అందులోనే ఉంది అన్నారు. దొంగల నాయకుడు నవ్వాడు. మూట పోగానే పోయే విద్యను నీ విద్య అని ఎలా అంటావని ఎగతాళి చేసి, ఆ మూటను తిరిగి ఇప్పించాడు. తన మార్గదర్శనం కోసం దేవుడే వాని చేత ఆ మాట పలికించాడని గజాలీ భావించారు. తూస్ చేరి మూడేళ్ళు శ్రమించి ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు. అయితే దొంగ అడిగినదానికి కంఠస్థం చేయడం సగం జవాబే. కాగితం మీది మాట నాలుక మీదికి చేరింది. అది నిజమని ఎలా తెలుసునన్న ప్రశ్న ఇంకా దూరంలోనే ఉంది.

నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యరికం, హిజ్రీ 478 (1085)లో ఆ గురువు మరణానంతరం సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానం, హిజ్రీ 484 (1091)లో బగ్దాద్ నిజామియా మదరసాలో ప్రధాన ఆచార్య పదవి — ఇవన్నీ వెంటవెంటనే వచ్చాయి. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు. పాఠం వినడానికి మూడువందల మంది విద్యార్థులు చేరేవారని ఆయనే రాశారు.

చివరి దశలో, యాభై ఏళ్ళు దాటిన తరువాత, ఆయన తన అన్వేషణను ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’ అనే చిన్న గ్రంథంలో వివరించారు. అందులో మొదటి మెట్టు ఎవరి కంటికైనా కనిపించే విషయమే. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లిముల పిల్లలు ముస్లిములుగా పెరుగుతున్నారు. ప్రతి శిశువూ సహజ స్వభావంపైనే పుడుతుందనీ, తల్లిదండ్రులే దానిని ఫలానా మతస్థునిగా తీర్చిదిద్దుతారనీ దైవప్రవక్త (స) బోధించిన హదీసు ఆయనకు కంఠోపాఠమే. ఇతరుల పిల్లల గురించి చెప్పేటప్పుడు దీన్ని ఉదహరించని ప్రసంగీకుడు లేడు. గజాలీ దాన్ని తన మీదికి తిప్పుకున్నారు. యూదుని బిడ్డకు తండ్రి నుంచి వచ్చినట్లే తనకూ తన తండ్రి నుంచి విశ్వాసం వచ్చింది. వచ్చిన మార్గం ఒకటే అయినప్పుడు, కేవలం ఆ మార్గం వల్ల ఇది సత్యమనీ అది అసత్యమనీ ఎలా తేలుతుంది? తన విశ్వాసం అసత్యమని ఆయన అనలేదు. అది సత్యమే అయినా, అది సత్యమని తనకు తెలిసిన పద్ధతి సరైనది కాదన్నారు. ఈ రెంటి మధ్య గల భేదాన్ని గమనించకపోవడం వల్లనే, ప్రశ్నించినవాణ్ణి మతభ్రష్టుడని కొందరూ, మతాన్ని వదలనివాణ్ణి ప్రశ్నించనివాడని మరికొందరూ పొరబడుతుంటారు.

తఖ్లీద్‌ను ఆయన గాజుపాత్రతో పోల్చారు. తాను అనుకరిస్తున్నానని తెలియనంతవరకే అనుకరించేవాడు నిశ్చింతగా ఉంటాడు. తెలిసిన క్షణాన ఆ గాజు పగిలిపోతుంది. ముక్కలను అతికించి ప్రయోజనం లేదు. నిప్పులో కరిగించి మళ్ళీ కొత్తగా పోతపోయవలసిందే.

ఆయన కరిగించడమే మొదలుపెట్టారు. అసలు నిశ్చయ జ్ఞానమంటే ఏమిటి? మూడు కన్నా పది పెద్దదని ఒకనికి తెలుసు. మరొకడు వచ్చి, కాదు మూడే పెద్దది, రుజువుగా ఈ కర్రను పామును చేస్తానని చేసి చూపించినా, వాని నేర్పుకు ఆశ్చర్యపోతాడే గాని తన లెక్కను సందేహించడు. అటువంటిదే నిశ్చయం. ఈ గీటురాయి మీద తన జ్ఞానాన్నంతటినీ గీసి చూస్తే, ఇంద్రియాల సాక్ష్యం, బుద్ధికి స్వతస్సిద్ధంగా తోచే సూత్రాలు తప్ప ఏమీ నిలవలేదు. తరువాత అవి కూడా కదలసాగాయి. నీడ నిలిచి ఉన్నట్లు కన్ను చెబుతుంది. కాసేపు ఆగి చూస్తే అది జరిగే ఉంటుంది. నక్షత్రం దీనారు నాణెమంత కనిపిస్తుంది. అది భూమి కన్నా పెద్దదని గణితం రుజువు చేస్తుంది. కన్ను చెప్పినదాన్ని బుద్ధి కొట్టివేసినట్లు, బుద్ధి చెప్పినదాన్ని కొట్టివేసే న్యాయాధికారి మరొకటి లేదని ఎవరు చెప్పగలరు? కలలో చూసినదంతా నిజమనే అనుకుంటాము గదా! ఇలా సుమారు రెండు నెలలు ఆయన లోలోపల దేనినీ నమ్మలేని స్థితిలో గడిపారు.

ఆ స్థితి నుంచి తనను బయటపడవేసింది వాదం కాదనీ, దేవుడు హృదయంలో వేసిన ఒక వెలుగు అనీ ఆయన రాశారు. హేతువాదులకు ఈ వాక్యం నిరాశ కలిగిస్తుంది. ఆలోచించడమే అనవసరమని బోధించేవారికి ఇది సంతోషం. నిజానికి ఇద్దరూ తొందరపడుతున్నారు. ఆ వెలుగు ఆయనకు తిరిగి ఇచ్చింది బుద్ధి మీద నమ్మకాన్నే. రుజువు చేయడానికి కావలసిన మొదటి సూత్రాలను మళ్ళీ రుజువు చేయడం సాధ్యం కాదని ఆయన గ్రహించారు. ఆ సూత్రాలు చేత పట్టుకుని అసలు పని అప్పుడే ఆరంభించారు: సత్యం మా దగ్గరే ఉందని చెప్పుకునే నాలుగు వర్గాలను — ముతకల్లిములు, తత్త్వవేత్తలు, బాతినీలు, సూఫీలు — వరుసగా పరీక్షించారు.

ఈ పరీక్షలో ఆయన పాటించిన పద్ధతి విశేషంగా గమనించదగినది. ఒక శాస్త్రాన్ని అందులోని మేటి పండితునితో సమానంగా నేర్చుకోకుండా ఖండించడమంటే చీకట్లో రాయి విసరడమని ఆయన అభిప్రాయం. గురువు లేకుండానే, మూడువందల మందికి పాఠాలు చెబుతూ దొరికిన తీరిక వేళల్లో, రెండేళ్ళ లోపున ఫారాబీ, ఇబ్ను సీనాల తత్త్వశాస్త్రాన్ని ఆకళించుకున్నారు. దాన్ని నెమరు వేస్తూ మరో ఏడాది గడిపారు. ‘మఖాసిదుల్ ఫలాసిఫా’లో వారి సిద్ధాంతాలను ఎంత నిష్పాక్షికంగా వివరించారంటే, ఆ గ్రంథపు లాటిన్ అనువాదం చదివిన ఐరోపా పండితులు చాలామంది ఆయననే తత్త్వవేత్తల పక్షపాతి అనుకున్నారు. ఆ తరువాతే ఖండన గ్రంథం ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ వచ్చింది. అందులో ఇరవై విషయాలు చర్చించి, మూడింటిని మాత్రమే అవిశ్వాసంగా నిర్ణయించారు. గ్రహణాలకు గణితవేత్తలు చెప్పే కారణాన్ని మతం పేరిట కాదనేవాడు మతానికే హాని చేస్తున్నాడని ఆ గ్రంథ పీఠికలోనే హెచ్చరించారు.

బాతినీల విషయంలోనూ అంతే. మనిషి బుద్ధికి వదిలేస్తే భేదాభిప్రాయాలే మిగులుతాయి, కాబట్టి తప్పు చేయని ఇమామ్‌కు లోబడాలన్నది వారి వాదం. గజాలీ ఆ వాదాన్ని ఎంత చక్కగా క్రోడీకరించారంటే, వారి తరఫున నీవే వకాల్తా పుచ్చుకున్నావని స్వపక్షంలోని కొందరు కోపగించారు. ఆ సంశయాలు జనంలో ఇప్పటికే వ్యాపించాయి, ప్రత్యర్థి మాట అర్థం కాకుండా జవాబు చెప్పాడని ఎవరూ అనకూడదు అన్నది ఆయన సమాధానం. దొంగ నాణేల సంచిలో చేయి పెట్టడానికి ఆరితేరిన షరాబు భయపడడని ఆయన ఉపమానం చెప్పారు. (మన షరాబు అరబీ ‘సర్రాఫ్’కు తెలుగు రూపమే.) పరీక్షించడం రాని పల్లెటూరి వానికి మాత్రం ఆ సంచి దగ్గరకు వెళ్ళవద్దంటారు.

ఇంతవరకు జరిగింది పుస్తకాలతో పోరాటం. హిజ్రీ 488 (1095) రజబ్ మాసంలో పరీక్ష ఆయన మీదికే తిరిగింది. తన బోధన దేవుని కోసమా, కీర్తి కోసమా అని ప్రశ్నించుకుంటే, కీర్తి కోసమేనని మనస్సు సాక్ష్యం చెప్పింది. ఉదయం బయలుదేరాలని నిశ్చయించుకుంటే సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. దాదాపు ఆరు నెలలు ఇలా గడిచాయి. చివరకు నాలుక పట్టేసింది. పాఠం చెప్పాలన్నా మాట పెగలలేదు, ముద్ద మింగుడు పడలేదు. ఇది మనోవ్యాధి, మా మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. కాగితాల మూటను, తత్త్వవేత్తల గ్రంథాలను జయించినవారికి తన పదవి అడ్డు వచ్చింది! వారసత్వంగా వచ్చే వాటిలో సిద్ధాంతాల కన్నా ఆశయాలే లోతుగా పాతుకుంటాయేమో. పండితుడంటే గొప్ప మదరసా, సుల్తాను ఆదరణ, వాదంలో గెలుపు అన్న ఊహ కూడా ఆయన తన కాలం నుంచి అడగకుండా తీసుకున్నదే.

కుటుంబ పోషణకు అవసరమైనంత ఉంచి మిగిలిన సొత్తు పంచివేసి, హజ్ యాత్రకని చెప్పి, జుల్ ఖఅదా మాసంలో బగ్దాద్ విడిచి సిరియా దారి పట్టారు. దమాస్కస్ జామె మస్జిద్ మినారు ఎక్కి, తలుపు మూసుకుని రోజంతా ఏకాంతంలో గడిపేవారు. హిజ్రీ 489 (1096)లో ఇబ్రాహీం (అ) సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేశారు: ఏ సుల్తాను ధనమూ ముట్టను, ఏ సుల్తాను కొలువుకూ వెళ్ళను, గెలుపు కోసం వాదించను. పదేళ్ళ తరువాత నిజాముల్ ముల్క్ కుమారుడు, మంత్రి ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడి మీద నీషాపూర్ మదరసాలో మళ్ళీ బోధనకు అంగీకరించారు. ఇది ప్రతిజ్ఞాభంగం కాదా అని ఎవరైనా అడిగితే తేలికగా కొట్టివేయడానికి లేదు. పూర్వం తాను పదవి సంపాదించిపెట్టే విద్యను బోధించాననీ, ఇప్పుడు పదవిని వదులుకోవడం నేర్పే విద్యను బోధిస్తున్నాననీ ఆయన సమర్థించుకున్నారు. గజాలీ పూర్వపు అహంకారాన్ని ఎరిగిన సమకాలికుడు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ ఈ మార్పును మొదట నటన అనుకున్నాడు. అనేకసార్లు వెళ్ళి కలిసి, పరిశీలించిన పిమ్మట అది నిజమని రాశాడు.

ఆక్షేపణలు ఆగలేదు. అష్అరీ సిద్ధాంతం నుంచి వెంట్రుకవాసి తప్పినా కుఫ్ర్ అనేవారిని ఉద్దేశించి ‘ఫైసలుత్తఫ్రిఖా’ రాశారు. సత్యం అష్అరీకే సొంతమని నీకెలా తెలుసు, అష్అరీతో విభేదించిన బాఖిల్లానీకి ఇచ్చిన స్వేచ్ఛ ఇతరులకు ఎందుకు ఇవ్వవు అన్నది అందులోని ప్రశ్న. అయినా ఆయన బ్రతికి ఉండగానే, హిజ్రీ 503 (1109)లో, అల్ మురాబితూన్ పాలకుని ఆజ్ఞపై ఖుర్తుబా నగరంలో ఆయన మహాగ్రంథం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ను తగులబెట్టారు. మరోవైపు ‘తహాఫుత్’కు ఇబ్ను రుష్ద్ ఆ శతాబ్దంలోనే జవాబు రాశారు. గజాలీని చదివి గజాలీని కాదనడం ఆయన పద్ధతికి విరుద్ధమేమీ కాదు. ఉర్దూలో ఆయన జీవితాన్ని విమర్శదృష్టితో పరిశీలించిన అల్లామా షిబ్లీ నోమానీ ‘అల్ గజాలీ’ 1902లో వెలువడింది. షిబ్లీ అప్పుడు హైదరాబాదులో నిజాం ప్రభుత్వ విద్యాశాఖలో ఉద్యోగి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. అందరూ గాజు పగలగొట్టుకోవాలని గజాలీ అనలేదు. సామాన్యులను కలాం చర్చలకు దూరంగా ఉంచాలని ‘ఇల్జాముల్ అవామ్’ అనే గ్రంథంలో గట్టిగా వాదించారు. ఇల్జామ్ అంటే కళ్ళెం వేయడం. ఈతరానివాణ్ణి ఏటి ఒడ్డుకు పోనివ్వని పెద్దమనిషి జాగ్రత్త అది అనవచ్చు. కాని ఎవడు సామాన్యుడో నిర్ణయించేదెవరు? ఉన్ని వడికేవాని కొడుకును తిండి కోసం మదరసాకు పంపిన రోజున, ఈ పిల్లవాడు ఒడ్డున ఉండవలసినవాడేనని ఎవరైనా అని ఉండేవారు. ఈ ప్రశ్నను ఆయన ముందు పెట్టేందుకు వ్యవధి లేకపోయింది. ఆ గ్రంథం ముగిసిన కొద్ది రోజులకే, హిజ్రీ 505 జుమాదల్ ఆఖిరా 14న (1111 డిసెంబరులో), తూస్‌లో ఆయన కన్నుమూశారు.