గబ్బిలం నెత్తుటిలో చుట్టం

గోదావరి జిల్లాల్లో ఊరి చివర చింతకో, మర్రికో పగలంతా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలని చూడనివారు అరుదు. ఇంట్లో దూరితే అరిష్టమంటాం. జాషువాగారు మాత్రం 1941లో దాన్ని చేరదీసి శివుడి దగ్గరకి రాయబారం పంపారు!

మరి ఆ గబ్బిలం నెత్తుటిలో ఏముంది? ఈ వెతుకులాటకి దారి వేసిన ఊళ్లలో మన సికింద్రాబాదు ఒకటి. అక్కడ 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపు కోసి, మలేరియా క్రిమి పెరుగుతుండడం చూశాడు. ఆనవాలు పట్టించింది నల్లని రేణువులు. నెత్తుటిని తిన్న క్రిమి ఒంట్లో మిగిలే మసి అది. మరుసటేడు కలకత్తాలో, పిట్టలకి మలేరియా అంటించేది దోమకాటేనని రుజువు చేశాడు.

పిట్టలకుంటే గబ్బిలాలకి ఉండకూడదా? ఇటలీలో డియోనిసీ వాటి నెత్తుటిలో అలాంటి క్రిముల్నే చూసి, 1899లో పాలిక్రోమోఫిలస్ అని పేరు పెట్టాడు. వాటిని మోసేది దోమ కాదు, గబ్బిలం వెంట్రుకల్లో కాపురముండే రెక్కల్లేని ఈగ! 1911లో ఆస్ట్రేలియాలో బ్రైన్ల్, మన చింతచెట్టు గబ్బిలాల దాయాదుల్లో మరో క్రిమిని చూసి, మలేరియా వంశమేనని ప్లాస్మోడియం పేరు తగిలించాడు. మసి ఉందిగా మరి!

తర్వాత అసలు తేడా తెలిసింది. మనిషి మలేరియా క్రిమి ఎర్రకణాల్లో పదేపదే పిల్లల్ని పెట్టి, వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆ చలీ, వణుకూ అందుకే. గబ్బిలం క్రిమి సంతానమంతా కాలేయంలోనే; నెత్తుటిలోకి వచ్చేవి ఆడ, మగ రూపాలు మాత్రమే. అందుకని దాన్ని హెపటోసిస్టిస్ అనే వేరే ఇంటిపేరు కింద చేర్చారు. తీరా ఈ కాలపు డి.ఎన్.ఏ. పరీక్షల్లో అది మలేరియా వంశవృక్షంలోనే ఒక కొమ్మని తేలింది!

చుట్టమైనంత మాత్రాన నడత ఒకటవుతుందా? మన చలిజ్వరాన్ని మోసేది అనాఫిలిస్ దోమ. గబ్బిలం, పాపం, తన క్రిమిని తాను మోసుకుంటోంది. నిపా వైరస్ సంగతి వేరనుకోండి; గబ్బిలం కొరికిన పండు తినకూడదు, దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. కానీ ఇంటిపక్కన నిలవనీరు వదిలేసి, చింతచెట్టు మీదికి రాళ్లు విసిరితే మాత్రం జ్వరం తగ్గుతుందా?