శాసనంలోని దాత, నవలలోని నాయిక: కాకతీయ సామంత స్త్రీ చిత్రణ

చారిత్రక నవలలో నాయకుడు చరిత్ర నుంచి వస్తాడు. నాయిక తరచుగా రచయిత ఊహ నుంచి వస్తుంది. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నవల ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గన్నారెడ్డి కాకతీయుల సామంత ప్రభువు, చారిత్రక వ్యక్తి. అతనిని మనసులోనే వరించిన ఆదవోని రాకుమారి అన్నాంబిక బాపిరాజు కల్పించిన పాత్ర. నవలకు లభించిన ఆదరణ వల్ల, 2015లో విడుదలైన ‘రుద్రమదేవి’ చలనచిత్రం వల్ల ఈ ప్రణయం కూడా చరిత్రలో భాగమేనన్న భావన కలగడం సహజం. ఆ కాలపు సామంత కుటుంబాల స్త్రీలను శాసనాలు ఏ విధంగా చూపుతున్నాయి, కల్పన ఎక్కడ మొదలై ఏ అవసరాన్ని తీరుస్తున్నది అన్న విషయాలను ప్రధానంగా సూర్యాపేట ప్రాంత శాసనాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూసీ నది సూర్యాపేట సమీపం నుంచి పారి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. తూర్పున కోదాడ దాకా విస్తరించిన ఈ భూభాగం కాకతీయ రాజ్యానికీ కృష్ణా తీరానికీ నడుమ ఉన్నది. ఇక్కడ కాకతీయుల సామంతులుగా ప్రాబల్యం వహించినవారు రేచర్ల రెడ్లు. మిర్యాలగూడ సమీపంలోని ఆమనగల్లు, సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి వారి ముఖ్యస్థానాలు. పాలంపేటలో 1213లో రామప్పగుడిని నిర్మించిన రుద్రసేనాని కూడా రేచర్ల వంశీయుడే.

పిల్లలమర్రిలో నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయాన్ని నిర్మించాడు. 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని ఎరకేశ్వరాలయాన్ని నిర్మింపజేసింది. ఈ రెండు ఆలయాల పేర్లను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక ముఖ్యాంశం స్పష్టమవుతుంది. ప్రతిష్ఠించినవారి పేరుతో దైవాన్ని వ్యవహరించడం నాటి ఆచారం. నామిరెడ్డి పేర నామేశ్వరుడు వెలసినట్లే ఎరకసాని పేర ఎరకేశ్వరుడు వెలిశాడు. ప్రభువుకు దక్కిన గౌరవమే ప్రభువు భార్యకూ దక్కింది. ఎనిమిది వందల సంవత్సరాలు గడిచినా ఆ దేవునితోపాటు ఆమె పేరు కూడా పలకబడుతూనే ఉన్నది.

ఎరకసాని ఎవరిని ప్రేమించింది, ఏమి కోరింది అన్న ప్రశ్నలు శాసనకర్తకు అప్రస్తుతం. దానశాసనం స్వభావమే అది. దాత ఎవరు, ఏ వంశం, ఎవరి పుణ్యం కోసం, ఎప్పుడు, ఏ దేవునికి, ఎంత భూమి అన్నవే అందులో ప్రధానాంశాలు. సామంత స్త్రీ ఇందులో భార్యగానో కూతురుగానో పరిచయమై, దాతగా నిలుస్తుంది. ఆమె అంతరంగానికి అక్కడ చోటు లేదు.

రాజ్యమేలిన రుద్రమదేవి విషయంలోనూ శాసనం ఇంతే పొదుపు పాటించింది. సూర్యాపేటకు పడమర, నకిరేకల్ సమీపంలోని చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన శాసనం రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోక ప్రాప్తి కలగాలని చేసిన భూదానాన్ని పేర్కొంటుంది. శాసనకాలం శకవర్షం 1211, అనగా 1289 నవంబరు 27. రుద్రమ మరణకాలాన్ని నిర్ణయించడానికి చరిత్రకారులకు ప్రధానాధారమైనది ఈ శిలయే. ఒక మహారాణి అస్తమయాన్ని తెలిపే ఆ శాసనంలో శోకవర్ణన లేదు. ఒక సేవకుని భూదానం మాత్రమే ఉన్నది.

శాసనం మౌనం వహించిన చోట కథ పుట్టుకువస్తుంది. ఇందుకు మొదటి నిదర్శనం విదేశీయుని రచనలోనే కనిపిస్తుంది. 13వ శతాబ్ది చివర దక్షిణాపథ తీరాన్ని వర్ణించిన మార్కోపోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని దివంగతుడైన రాజుకు భార్యగా పేర్కొన్నాడు. భర్తపై గల అపారమైన ప్రేమ వల్ల ఆమె మరల వివాహం చేసుకోలేదని వ్రాశాడు. వాస్తవానికి రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. తండ్రి నుంచి కుమార్తెకు సంక్రమించిన రాజ్యాధికారం ఆ కథనంలో భర్త నుంచి భార్యకు సంక్రమించినదిగా మారింది. స్త్రీ సింహాసనాన్ని అధిష్ఠించడానికి కారణం చెప్పవలసి వచ్చినప్పుడు కథకునికి ప్రేమ సులభంగా అందివచ్చింది.

బాపిరాజు చేసిన కల్పన ఇంతకంటె లోతైనది. రాయచూరు కోటగోడలోని పెద్ద శిలపై ఉన్న 1294 నాటి శాసనం గన్నారెడ్డి సేనాని విఠలనాథుని విజయాలను పేర్కొంటుంది. అతడు జయించిన దుర్గాలలో ఆదవోని ఒకటి. నవలలో అన్నాంబిక ఆ ఆదవోని ప్రభువు కుమార్తె. ఆమె వివాహ సమయంలో వరుడిని అపహరించిన గన్నారెడ్డి లోకం దృష్టిలో గజదొంగ. రహస్యంగా రుద్రమదేవికి అండగా నిలిచిన రాజ్యభక్తుడు. శాసనంలో శత్రుదుర్గంగా కనిపించే ఊరు నవలలో ప్రియురాలి పుట్టినిల్లయింది. సామంతుల వైరాలను, వారిని ఏకం చేయవలసిన రాజనీతిని ఒక యువతి హృదయంలోని సంఘర్షణగా పాఠకునికి అందించడానికి ఈ మార్పు తోడ్పడింది. ఇక్కడ ప్రణయం రాజకీయానికి అలంకారంగా మిగలలేదు. రాజకీయాన్ని అర్థం చేసుకునే మార్గమైంది.

అయితే గోన వంశంలోనే శాసనస్థురాలైన స్త్రీ ఒకరున్నారు. గోన బుద్ధారెడ్డి కుమార్తె, మల్యాల గుండయ భార్య కుప్పాంబిక 1276లో బూదపురంలో భర్త పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించింది. నేటి భూత్పూరే ఆ బూదపురం. తొలి తెలుగు కవయిత్రిగా సాహిత్య చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. ఆమె పేర ఒక శృంగార పద్యం ప్రచారంలో ఉన్నది. ఎరకసాని తన పేరును దేవునికిచ్చింది. కుప్పాంబిక భర్త పేరును ఇచ్చింది. నాటి స్త్రీ అనురాగం శిలపై వ్యక్తం కాగలిగిన రూపం బహుశా ఇదే. కల్పిత నాయికకు దక్కిన ప్రఖ్యాతిలో స్వల్పభాగమైనా ఈ ఇద్దరికీ దక్కలేదు.

కనుక అన్నాంబిక పాత్రను చరిత్రకు విరుద్ధమని త్రోసిపుచ్చనవసరం లేదు. చారిత్రక సత్యంగా స్వీకరించనూ రాదు. శాసనం విడిచిన అంతరంగాన్ని నవల పూరించింది. నవల విస్మరించగల భూమి, ఆలయం, దాతృత్వం, సొంత పేరు శాసనంలో భద్రంగా ఉన్నాయి. రహస్య ప్రణయం లేనిదే ప్రభుకుటుంబ స్త్రీకి చరిత్రలో స్థానం లేదన్న అభిప్రాయాన్ని పిల్లలమర్రి శిలలు సవరిస్తాయి. ఎరకసాని స్థానానికి ఆధారం ఆమె కట్టించిన గుడి. అది నేటికీ సూర్యాపేట పక్కన నిలిచి ఉన్నది.