పారవేయు (పర్యాయపదాలు, సంబంధిత పదాలు)

అక్కరలేనిదాన్ని దూరంగా పడేలా చేయడం, వదిలించుకోవడం అనే అర్థాల్లో తెలుగువారు ఎక్కువగా వాడే క్రియ పారవేయు. వాడుకలో పారేయు, పారెయ్యి అంటారు. గ్రాంథికంలో పాఱవైచు, పాఱవేయు. విసరివేయు, పడవేయు, పారబోయు, విడుచు, వదలు వంటి దేశ్యాలు, త్యజించు, విసర్జించు, వర్జించు వంటి సంస్కృత ధాతుజాలు దీనికి చుట్టాలు. పర్యాయపదాలుగా వీటిని ఒకచోట చేర్చడం అలవాటే గానీ, ఒకదాని చోట మరొకటి ఇమిడే సందర్భాలు తక్కువ. ఎంగిలి విస్తరిని పారేస్తాం, విసర్జించం. సన్న్యాసి సంసారాన్ని త్యజిస్తాడు, పారేయడు.

వ్యుత్పత్తి

పాఱు అంటే పరుగెత్తు, ప్రవహించు. పారిపోవు, నీటిపారుదల అనే మాటల్లో ఉన్నది ఈ పారే. దాని తుమున్నర్థక రూపం పాఱన్‌కు వేయు చేరి పాఱవేయు అయింది. పడన్ నుంచి పడవేయు పుట్టిన తీరు కూడా ఇదే. అంటే మూలార్థంలో ఉన్నది వస్తువు మీది ఏహ్యత కాదు, అది కదిలిపోవడం. శకటరేఫ (ఱ) ఉచ్చారణలో సాధురేఫతో (ర) కలిసిపోయి చాలాకాలమైంది కాబట్టి ఇప్పుడు పారవేయు అనే రాస్తున్నారు.

విసరు అనే మాటకు సోదర భాషల్లో స్పష్టమైన జ్ఞాతులున్నాయి: తమిళంలో వీసు, కన్నడంలో బీసు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి కూర్పు 1961, రెండోది 1984) తెలుగు వీచు, విసరులను ఈ కుటుంబంలోనే చేర్చింది. గాలి వీచడం, విసనకర్రతో విసరడం, రాయి విసరడం, తిరగలి విసరడం అన్నిటిలోనూ చేతి ఊపో, గాలి ఊపో ఉంది. తెలంగాణలో ఇసిరెయ్యి, ఇసుర్రాయి అంటారు. మాటతో పొడిచే విసుర్లు కూడా ఇక్కడివే కావచ్చు. రువ్వు దాదాపు రాళ్లకే పరిమితమైంది. గిరాటు వేయు అన్నప్పుడు మాత్రం విసుగో కోపమో తోడై ఉంటుంది.

పారేసే వస్తువును బట్టి

చెత్తనైతే పారేస్తారు, నీళ్లనైతే పారబోస్తారు. పారబోయులో రెండో భాగం పోయు కనుక ద్రవాలకు, ధారగా పడే గింజలకు అది సహజం. ఒలకబోయు తరచు పొరపాటున జరిగేది. కుమ్మరించులో పాత్ర బోర్లించి ఒక్కసారిగా ఖాళీ చేయడం ఉంది. గంజి వార్చడాన్ని పారబోయడం అనరు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన మెతుకులు కుడితి తొట్టిలోకి చేరి గేదెకు దక్కేవి. కుడితిలో పోయడం అన్న మాట వేరుగా నిలిచింది అందువల్లే అనుకోవచ్చు.

పెంట సంగతి కూడా అలాంటిదే. పశువుల పేడ, కొట్టంలో ఊడ్చిన గడ్డి, ఇంటి బూడిద అన్నీ పెంటకుప్ప మీదికి వెళ్లేవి. దుక్కికి ముందు దాన్నే బండ్లకెత్తి పొలానికి తోలేవారు. పెంట తోలడం సేద్యపు పనుల్లో ఒకటి. పట్నం వాడుకలో అసహ్యాన్ని మాత్రమే సూచించే ఈ మాటకు రైతు నోట ఎరువనే అర్థం ఇంకా బతికే ఉంది. నల్లమలలో చెంచుల నివాసాలనూ పెంటలనే అంటారు; రెండు మాటలూ ఒకటేనని తొందరపడి తేల్చడం మంచిది కాదు.

తాలు, పొట్టు పోగొట్టే పనికి తూర్పారబట్టడమని పేరు. తూర్పు గాలికి పట్టడం వల్ల ఆ పేరు వచ్చిందన్నది జనంలో ఉన్న వివరణ. తమిళంలో తూఱ్ఱు అనే క్రియకు ధాన్యం ఎగరబోయడం, దూషించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు తూర్పారబట్టుకూ అవే రెండర్థాలు. కాబట్టి దిక్కు కన్నా ఆ ధాతువుతోనే ముడిపెట్టడం సబబుగా కనిపిస్తుంది.

సహాయక క్రియగా పారేయు

నిఘంటువులు ఇంకా ఎక్కువ చోటు ఇవ్వవలసిన భాగం ఇది. మరో క్రియ పక్కన చేరినప్పుడు పారేయు తన అర్థాన్ని చాలావరకు వదులుకొని పని తీరును చెబుతుంది. చదివిపారేశాడు, రాసిపారేశాడు అంటే వేగం, అలవోక. కడిగిపారేశాడు, ఏకిపారేశాడు అంటే ఎదుటివాడికి జవాబు మిగల్చలేదని. తీసిపారేయు అంటే లెక్కచేయకపోవడం. అది ఎక్కువగా వ్యతిరేకార్థంలో వినిపిస్తుంది: తీసిపారేయదగ్గ మాట కాదు. పత్రికా భాషలో మరో తేడా స్థిరపడింది. న్యాయస్థానం పిటిషన్‌ను కొట్టివేస్తుంది. నాయకుడు ఆరోపణలను కొట్టిపారేస్తాడు. మొదటిదానిలో నిర్ణయం, రెండోదానిలో ధిక్కారం ఉన్నాయి.

కొను చేరితే కథ మారుతుంది. తాళంచెవి పారేశాడు అంటే కావాలని చేశాడు. పారేసుకున్నాడు అంటే తెలియక పోగొట్టుకున్నాడు. మనసు పారేసుకోవడం ప్రేమలో పడటం, నోరు పారేసుకోవడం అనరాని మాట అనడం. మూడింటిలోనూ మనిషి అదుపు తప్పడమే సామాన్యాంశం.

సంస్కృతం నుంచి వచ్చినవి

విసరడమనే అర్థం ఉన్న అస్ ధాతువు నుంచి తెలుగులోకి వచ్చిన మాటల్లో ఆ అర్థం ఇప్పుడు పైకి కనిపించదు. విసిరేది అస్త్రం, చేత పట్టి వాడేది శస్త్రం. పూర్తిగా దించివేయడం సన్న్యాసం. పదేపదే ఒకదానిపై ప్రయోగించడం అభ్యాసం. విడదీసి పరచడం వ్యాసం. ఒక విషయాన్ని విస్తరించి చెప్పే రచనాప్రక్రియకూ ఆ పేరే ఉంది. క్షిప్ ధాతువు సంతానం కూడా పెద్దదే: ఆక్షేపణ, సంక్షేపం, ప్రక్షిప్తం, ఇప్పుడు ఆధునికార్థంలో వాడే క్షిపణి. కిందికి వేయడమనే మూలార్థం గల నిక్షేపం చివరికి దాచుకున్న ధనమైంది. హా ధాతువు, అంటే విడుచు, నుంచి హాని, హీనం, హేయం వచ్చాయి. త్యజ్ నుంచి త్యాగం వచ్చింది. విడవడమనే ఒకే భావం ఒకచోట నిందగా, మరోచోట గౌరవంగా స్థిరపడింది. పంచాంగంలోని వర్జ్యం విడిచిపెట్టవలసిన కాలం. విసర్జన శరీరధర్మానికీ, పూజాంతంలో దేవతను సాగనంపడానికీ కూడా చెల్లుతుంది.

మనుషుల విషయంలో

వెలి అంటే వెలుపల. వెలివేయు అంటే మనిషిని ఊరికి, కులానికి, పంక్తికి బయట ఉంచడం. బహిష్కరించు నిర్మాణమూ ఇదే. గెంటివేయు, తరిమివేయు అన్నవి ఒక క్షణంలో ముగిసే పనులు; వెలి మాత్రం తరాలపాటు సాగిన స్థితి. అందుకే దానికి వెలివాడ అనే చోటు కూడా ఏర్పడింది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలో వేసుకున్న గుడారానికి పెట్టిన పేరు వెలివాడే. వారిలో ఒకరైన రోహిత్ వేముల అదే నెల 17న మరణించాడు. వెలివేయు అనే మాటను పారవేయుకు పర్యాయపదాల వరుసలో చేర్చే ముందు దాని బరువు గుర్తుంచుకోవాలి.

ఇటీవలి వాడుక

చెత్త, తుక్కు, కసవు అనే పాత మాటల పక్కన వ్యర్థాలు, డంపింగ్ యార్డు వచ్చి చేరాయి. తడి చెత్త, పొడి చెత్త అనే జంట పురపాలక ప్రచారంతో ఇళ్లలోకి వచ్చింది. కంప్యూటర్, ఫోన్ తెరల మీద పారేయు అన్న మాట నిలవలేదు. అక్కడ తొలగించు స్థిరపడింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ అనే పదబంధం, 2022 జులై 1న అలాంటి కొన్ని వస్తువులపై దేశవ్యాప్త నిషేధం అమల్లోకి వచ్చాక వార్తల్లో బాగా వ్యాపించింది.