తిరుమల విచారణకర్తలు

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయాన్ని 1843 నుంచి 1933 దాకా నిర్వహించిన హాథీరాంజీ మఠాధిపతులైన మహంతులను విచారణకర్తలు అంటారు. హుండీ కానుకలు, స్వామివారి నగలు, మాన్యాల మీద వచ్చే రాబడి, నిత్యపూజల ఖర్చు తొంభై ఏళ్లపాటు వీరి చేతుల మీదుగా నడిచాయి. దేవుడి సొమ్మును మతపెద్దల సంరక్షణలో ఉంచడం వల్ల కలిగే మేలేమిటో, చిక్కులేమిటో తెలుసుకోవడానికి తెలుగునాట ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

పదం, భావం

ఇక్కడ విచారణ అంటే కోర్టు విచారణ కాదు. మంచిచెడ్డలు చూసుకోవడం, ఆజమాయిషీ చేయడం అని అర్థం. ముడుపు హుండీలో పడ్డాక అది ఇచ్చిన భక్తుడిదీ కాదు, లెక్కపెట్టినవాడిదీ కాదు, స్వామిది. చట్టం కూడా దేవుణ్ణి ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగానే చూస్తుంది. మఠాధిపతి ఆస్తికి యజమాని కాడనీ, అలాగని ఇంగ్లండు చట్టం చెప్పే ట్రస్టీ కూడా కాడనీ, నిర్వహణలో తప్పు జరిగితే మాత్రం జవాబుదారీ అవుతాడనీ 1921లో విద్యావారుతి తీర్థ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది.

నేపథ్యం

1801లో ఆర్కాటు నవాబు పాలన ముగిసి, ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమైంది. దాంతో తిరుమల ఆలయ వ్యవహారాలు కలెక్టరు కచేరీకి చేరాయి. 1817 నాటి ఏడవ రెగ్యులేషన్ మద్రాసు రాజధానిలోని దేవాలయాల ఆస్తులపై ప్రభుత్వానికి పర్యవేక్షణాధికారం ఇచ్చింది. తిరుమలలో ఎవరి కైంకర్యం ఏమిటి, ఏ పూజకు ఏ సరుకు ఎంత వాడాలి అన్న వివరాలను ఆ కాలంలోనే పట్టీలుగా రాయించారు. 1821లో ఆలయ నిర్వహణకు 42 నిబంధనలతో బ్రూస్ కోడ్ వచ్చింది.

క్రైస్తవ ప్రభుత్వం హిందూ దేవాలయాలను నడపడమేమిటని ఇంగ్లండులోని మిషనరీ వర్గాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ ఒత్తిడితో కంపెనీ గుళ్ల నిర్వహణ నుంచి తప్పుకుంది. 1843లో తిరుమల బాధ్యతను మహంతు సేవాదాసుకు అప్పగించింది.

హాథీరాంజీ మఠం

ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగుల మఠమిది. మూలపురుషుడైన హాథీరాం బావాజీతో స్వామి పాచికలాడేవాడని భక్తుల నమ్మకం. అర్చకులకు, వైష్ణవ మఠాధిపతులైన జీయర్లకు, వైష్ణవ గురువంశాలవారైన ఆచార్యపురుషులకు కోవెలలో ఎవరి హక్కులు వారికి ఉండేవి. మహంతు ఈ వర్గాల్లో దేనికీ చెందినవాడు కాదు. పెళ్లి, సంసారం లేని సన్యాసి. ఆ పదవి కొడుక్కి కాక శిష్యుడికి దక్కుతుంది. కొండంత సొమ్మును కాపాడడానికి ఇలాంటివాడు తగినవాడన్న ఆలోచనలో అర్థముంది.

పాలన, వివాదాలు

సేవాదాసు తర్వాత ధర్మదాసు, భగవాన్‌దాసు, మహావీర్‌దాసు, రామకృష్ణదాసు, ప్రయాగదాసు వరుసగా విచారణకర్తలయ్యారు. నిత్యకైంకర్యాలు ఆగకుండా నడిపించడంతో పాటు తిరుపతిలో విద్యాసంస్థలు నెలకొల్పారు. అయితే కంపెనీ తప్పుకున్నాక పైనుంచి లెక్క అడిగే యంత్రాంగం బలహీనపడింది. సన్యాసికి సంసారం లేకపోయినా మఠం ఉంటుంది. మఠానికీ ఆస్తులు, ఖర్చులు, వ్యాజ్యాలు ఉంటాయి. మఠం పద్దు ఎక్కడ ముగుస్తుందో, స్వామి పద్దు ఎక్కడ మొదలవుతుందో అన్న సందేహం కోర్టుల దాకా వెళ్లింది. ప్రయాగదాసు కాలంలో నిర్వహణ పద్ధతిపై సాగిన వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ వరకు పోయి 1907లో తేలింది. మతపెద్ద నిష్ఠ ఎంత గొప్పదైనా, అది చిట్టాకు, తనిఖీకి బదులు కాలేదు. ఈ తొంభై ఏళ్ల చరిత్ర నేర్పిన పాఠం ఇదే.

విచారణకర్తల తర్వాత

మద్రాసు శాసనసభ చేసిన తిరుమల తిరుపతి దేవస్థానాల చట్టం 1933లో అమల్లోకి రావడంతో పాలన కమిటీకి, కమిషనరుకు మారింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కులను కూడా రద్దుచేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

నేటి ఆనవాళ్లు

అధికారం పోయినా మఠానికి మర్యాద మిగిలింది. సుప్రభాత వేళ స్వామి నివేదనకు మహంతు మఠం నుంచి పాలు, వెన్న, చక్కెర ఇప్పటికీ వస్తాయి.

మహంతుల కాలపు లెక్కల సంవత్సరం ఆణివార ఆస్థానం అనే కొలువుతో మొదలయ్యేది. పద్దుల కాలం మారినా, ఏటా జూలై మధ్యలో ఈ ఆస్థానం జరుగుతూనే ఉంది. ఆనాడు బంగారువాకిలి ముందు ఉత్సవమూర్తుల సమక్షంలో ‘లచ్చన’ అనే తాళపుచెవుల గుత్తిని అర్చకులు మొదట పెద్దజీయరు కుడిచేతికి, తర్వాత చిన్నజీయరుకు, ఆపైన దేవస్థానం కార్యనిర్వహణాధికారికి తగిలిస్తారు. హారతి ఇస్తారు. ఆ గుత్తి ఎవరి వెంటా ఇంటికి పోదు. తిరిగి తీసుకుని స్వామి పాదాల దగ్గర పెడతారు.