టర్కీకి 2 కిలోమీటర్లు.. ఏథెన్స్‌కు 570 కిలోమీటర్లు: గ్రీస్ తూర్పు అంచున కాస్టెలోరిజో దీవి.. వెళ్లే ముందు ఇవి తెలుసుకోవాల్సిందే!

గ్రీస్ టూర్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది శాంటోరిని, మైకోనోస్. తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, సన్‌సెట్ రీల్స్. అదే గ్రీస్‌లో మ్యాప్‌ను బాగా జూమ్ చేస్తే తప్ప కనిపించని దీవి ఒకటుంది. పేరు కాస్టెలోరిజో. సొంత దేశ రాజధాని ఏథెన్స్‌కు సుమారు 570 కిలోమీటర్ల దూరం. పొరుగు దేశం టర్కీ తీరానికి మాత్రం 2 కిలోమీటర్లే! సాయంత్రం రేవు గట్టున కూర్చుంటే ఎదురుగా టర్కీ కొండలు, అక్కడి ఊళ్ల దీపాలు కనిపిస్తాయి.

దీవి మొత్తం విస్తీర్ణం దాదాపు 9 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడి జనం 492 మంది. ఉన్నది ఒకే ఊరు, ఒకే ప్రధాన రేవు. రద్దీ లేని చోటు కావాలనుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. నిజమే. కానీ ఇలాంటి మారుమూల దీవికి వెళ్లేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఎలా చేరుకోవాలన్నది కాదు.. ఎలా తిరిగి రావాలన్నదే ముందు చూసుకోవాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి ఏథెన్స్‌కు సాధారణంగా గల్ఫ్ నగరాల మీదుగా వెళ్తుంటారు. ఏథెన్స్ నుంచి రోడ్స్ దీవికి గంట విమాన ప్రయాణం. రోడ్స్ నుంచి కాస్టెలోరిజో ఇంకో 125 కిలోమీటర్లు తూర్పున ఉంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి.

ఒకటి, చిన్న విమానం. రోడ్స్ నుంచి అరగంట అటూ ఇటూ పడుతుంది. దీవిలో 1980లలో కట్టిన బుల్లి ఎయిర్‌పోర్టు ఉంది. రన్‌వే చిన్నది కాబట్టి వచ్చేవన్నీ చిన్న విమానాలే. సీట్లు తక్కువ, సీజన్‌లో త్వరగా నిండిపోతాయి.

రెండోది ఓడ. రోడ్స్ నుంచి పెద్ద ఓడలో సుమారు నాలుగు గంటలు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులోనే ఓడ ఎక్కితే మధ్యలో దీవులన్నీ తాకుకుంటూ చేరేసరికి దాదాపు ఒక రోజు గడిచిపోతుంది. ఈ ఓడలు రోజూ ఉండవు. వారంలో కొన్ని రోజులే. అందుకే హోటల్ కన్నా ముందు ఓడ టైమ్‌టేబుల్ చూసుకోవాలి.

ఇలాంటి మారుమూల దీవులకు నడిచే ఓడ సర్వీసుల్ని గ్రీకులు 'ఆగోనీ గ్రామీ' అంటారు. అంటే 'బీడు మార్గం' అని అర్థం. టికెట్ డబ్బులతో ఈ రూట్లు గిట్టుబాటు కావు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి నడిపిస్తుంది. టూరిస్టులకు అది ఓ ఓడ మాత్రమే. దీవి వాళ్లకు మాత్రం కూరగాయలు, మందులు, గ్యాస్, ఇటుక, సిమెంటు.. అన్నీ దాని మీదే రావాలి.

గాలి మారితే ప్లాన్ మారిపోతుంది

ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుంచి బలమైన గాలులు వీస్తాయి. వీటిని 'మెల్టెమి' అంటారు. జులై, ఆగస్టు నెలల్లో వీటి జోరెక్కువ. గాలి బలం ఓ స్థాయి దాటిందంటే కోస్ట్‌గార్డ్ ఓడల్ని రేవు నుంచి కదలనివ్వదు. చలికాలంలో తుఫాన్లు సరేసరి. చిన్న విమానాలకూ గాలితో ఇబ్బందే.

అంటే మీ చేతిలో కన్ఫర్మ్ టికెట్ ఉన్నా ఓ రోజు దీవిలోనే ఉండిపోవాల్సి రావచ్చు. ఇండియాకు రిటర్న్ ఫ్లైట్ మర్నాడే పెట్టుకుంటే చిక్కులో పడ్డట్టే. దీవి నుంచి బయటపడ్డాక రోడ్స్‌లోనో ఏథెన్స్‌లోనో కనీసం ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని, ఆ తర్వాతే ఇంటికి ఫ్లైట్ బుక్ చేసుకోవడం మంచిది.

వీసా విషయంలో ఈ పొరపాటు వద్దు

గ్రీస్ షెంజెన్ దేశం. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా తప్పనిసరి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి చివరి నిమిషం దాకా ఆగొద్దు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా చూపించాలి.

అసలు చిక్కు దీవికి చేరాక మొదలవుతుంది. ఎదురుగా కనిపించే టర్కీ పట్టణం పేరు కాష్. కాస్టెలోరిజో రేవు నుంచి పడవలో అరగంట కూడా పట్టదు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఆ పడవ దాటేది అంతర్జాతీయ సరిహద్దు! టర్కీ షెంజెన్‌లో లేదు, దానికి వేరే వీసా కావాలి. మీ దగ్గరున్నది సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా అయితే, కాష్ పడవ ఎక్కిన క్షణమే ఆ వీసా పనైపోయినట్టు. సాయంత్రం మళ్లీ దీవిలోకి రానివ్వరు. సామాను హోటల్లో, రిటర్న్ టికెట్ ఏథెన్స్ నుంచి, మనిషి మాత్రం టర్కీలో! కాష్ చూడాలనుకుంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

2024 నుంచి కొన్ని గ్రీకు దీవులకు ఏడు రోజుల ఎక్స్‌ప్రెస్ వీసా ఇస్తున్నారన్న వార్తలు సోషల్ మీడియాలో కనిపిస్తుంటాయి. కాస్టెలోరిజో కూడా ఆ లిస్టులో ఉంది. అయితే ఆ సదుపాయం టర్కీ పౌరుల కోసం తెచ్చింది. మనవాళ్లు దాన్ని నమ్ముకుని బయల్దేరితే ఇబ్బంది పడతారు.

ఫోన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తీరం అంత దగ్గర కావడంతో మొబైల్ దానంతట అదే టర్కీ నెట్‌వర్క్ పట్టుకోవచ్చు. యూరప్ సిమ్ తీసుకున్నా టర్కీ రోమింగ్ అందులో కలవదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా వదలకుండా గ్రీస్ కంపెనీని మీరే సెలెక్ట్ చేసుకుంటే బిల్లు పేలదు.

ఏం చూడాలి?

రేవు చుట్టూ రంగురంగుల రెండంతస్తుల ఇళ్లు, వాటి ముందే హోటళ్ల టేబుళ్లు. నీళ్లలోకి చూస్తే పెద్ద సముద్ర తాబేళ్లు ఈదుతూ కనిపిస్తాయి. ఇసుక బీచ్‌లు మాత్రం ఇక్కడ ఉండవు. గట్టు మీద నుంచే నిచ్చెన దిగి ఈత కొడతారు.

ఊరి పైన ఎర్రటి బండ మీద సెయింట్ జాన్ యోధులు కట్టిన కోట ఉంది. దాని ఇటాలియన్ పేరు 'కాస్టెలో రోస్సో', అంటే ఎర్రకోట. దీవికి ఆ పేరు దాని నుంచే వచ్చిందంటారు. దీవి అధికారిక పేరు మాత్రం 'మెగిస్తి', అంటే 'అతి పెద్దది'. ఇంత చిన్న దీవికి ఆ పేరేంటి అనుకోవద్దు.. చుట్టూ ఉన్న బుల్లి దీవుల్లో ఇదే పెద్దది మరి! కోట కింద క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటి లిసియన్ సమాధి ఉంది. బండను తొలిచి గుడి ముఖద్వారంలా చెక్కారు. రేవు మొదట్లోని పాత మసీదు ఇప్పుడు మ్యూజియం. అందులో దీవి చరిత్ర చూడొచ్చు.

అన్నిటికన్నా పేరున్నది 'బ్లూ కేవ్'. గుహ ద్వారం నీటి మట్టానికి చాలా దగ్గరగా ఉంటుంది. పడవలో వెనక్కి వాలి పడుకుంటేనే లోపలికి వెళ్లగలం. లోపల సూర్యకాంతి నీటి అడుగు నుంచి వచ్చి గుహంతా నీలంగా మెరుస్తుంది. సముద్రం కాస్త ఎగసినా లోపలికి వెళ్లడం కుదరదు. అందుకే పొద్దున్నే వెళ్లాలి. పడవ నడిపేవాళ్లు ఈరోజు కుదరదంటే బలవంతం చేయొద్దు.

ఖాళీ అయిపోయిన దీవి.. మళ్లీ ఎలా నిలిచింది?

ఈ ఇళ్ల అందం వెనుక పెద్ద విషాదమే ఉంది. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ 10 వేలకు దగ్గరగా జనం ఉండేవారని అంచనా. ఓడ వ్యాపారంలో బాగా సంపాదించిన ఊరు. ఒట్టోమాన్ల నుంచి ఫ్రెంచ్ వాళ్లకు, వాళ్ల నుంచి 1921లో ఇటలీకి.. పాలకులు మారుతూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జనవరిలో, టర్కీ తీరం నుంచి పేలిన ఫిరంగులకు బ్రిటిష్ నౌక 'బెన్-మై-క్రీ' ఈ రేవులోనే మునిగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో బ్రిటిష్ సేనలు దిగాయి. జర్మన్ బాంబు దాడుల మధ్య జనాన్ని ఖాళీ చేయించి సైప్రస్‌కు, అక్కడి నుంచి గాజాలోని శిబిరాలకు తరలించారు. 1944లో దీవిలో మంటలు చెలరేగి సగం ఇళ్లు బూడిదయ్యాయి. యుద్ధం ముగిశాక, 1945 సెప్టెంబర్ 29న, ఇంటికి తిరిగొస్తున్న సుమారు 500 మంది దీవి వాసులతో బయల్దేరిన 'ఎంపైర్ పెట్రోల్' నౌకలో అగ్ని ప్రమాదం జరిగింది. 33 మంది చనిపోయారు. బతికి వచ్చినవాళ్లకు కూలిన గోడలే మిగిలాయి. 1947 పారిస్ ఒప్పందంతో దీవి గ్రీస్‌కు దక్కింది. అప్పటికే చాలామంది ఆస్ట్రేలియా దారి పట్టారు.

పెర్త్, సిడ్నీల్లో ఈ దీవి మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఎక్కువే. తమను తాము 'కాజీస్' అని పిలుచుకుంటారు. వేసవి వస్తే తాతల ఊరు చూడటానికి వస్తారు. పాత ఇళ్లను బాగుచేయించిన వాళ్లలోనూ వీళ్లు చాలామంది. 

పక్కనే ఉన్న రో దీవిది ఇంకో కథ. డెస్పినా అక్లాడియోటి అనే మహిళ అక్కడ దశాబ్దాల పాటు రోజూ గ్రీస్ జెండా ఎగరేసింది. 1982లో చనిపోయేదాకా ఆ పని మానలేదు. 'రో దీవి అమ్మ'గా గ్రీస్ అంతా ఆమెను గుర్తుపెట్టుకుంది. సముద్ర హక్కులపై గ్రీస్, టర్కీల మధ్య ఉన్న వివాదంలో ఈ దీవుల పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. 2020లో టర్కీ సర్వే నౌక 'ఒరుచ్ రెయిస్' విషయంలో ఉద్రిక్తత పెరిగింది కూడా ఈ ప్రాంతంలోనే.

కాస్టెలోరిజో పేరు ప్రపంచానికి రెండుసార్లు గట్టిగా వినిపించింది. ఇక్కడ తీసిన ఇటాలియన్ సినిమా 'మెడిటెరేనియో' 1992లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకుంది. ఆ తర్వాత 2010 ఏప్రిల్ 23న అప్పటి ప్రధాని జార్జ్ పాపాండ్రూ ఈ దీవి రేవు దగ్గరే నిలబడి, అప్పుల ఊబిలో ఉన్న గ్రీస్ యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్ సాయం కోరుతోందని ప్రకటించారు. వెనుక మెరిసే నీలి సముద్రం, ముందు దేశం దివాలా వార్త.. గ్రీకులు ఆ దృశ్యాన్ని అంత తేలిగ్గా మర్చిపోలేదు.

తిండి, నీళ్లు, డబ్బు, వైద్యం

* తిండి: చేపలు, సముద్రపు రొయ్యలు ప్రధానం. శాకాహారులు 'నిస్తిసిమా' అని అడగాలి. గ్రీకు ఆర్థడాక్స్ ఉపవాసాల్లో తినే వంటలివి. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే నత్తలు, రొయ్యల లాంటివి ఉండొచ్చు కాబట్టి మరోసారి అడిగి తెలుసుకోవాలి. టమాటా సాస్‌లో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, ఉడకబెట్టిన ఆకుకూరలు మనవాళ్లకు నచ్చుతాయి.

* నీళ్లు: దీవిలో నదులు, వాగులు లేవు. ప్రతి బకెట్టూ విలువైనదే. గంటలకొద్దీ షవర్ కింద ఉండటం ఇక్కడ మర్యాద కాదు.

* డబ్బు: చేతిలో కొన్ని యూరోల నగదు ఉంచుకోవాలి. కార్డు మీదే పూర్తిగా ఆధారపడొద్దు. రూమ్ బిల్లు మీద ప్రభుత్వ పన్ను రోజువారీగా విడిగా పడుతుంది.

* వైద్యం: చిన్న ఆరోగ్య కేంద్రమే ఉంటుంది. పరిస్థితి విషమిస్తే రోడ్స్‌కు తరలించాల్సిందే. బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకు మించి వారం అదనంగా పెట్టుకోవాలి. ఎమర్జెన్సీ నంబర్ 112.

* ఎప్పుడు వెళ్లాలి: మే, జూన్, సెప్టెంబర్ నెలలు అనుకూలం. ఆగస్టులో ఆస్ట్రేలియా, ఇటలీ నుంచి వచ్చేవాళ్లతో గదులు దొరకవు. చలికాలంలో చాలా హోటళ్లు మూసేస్తారు.

ఎన్ని రోజులు ఉండాలి?

ఊరంతా ఒక గంటలో నడిచి చూసేయొచ్చు. అలాగని పొద్దున దిగి సాయంత్రం వెళ్లిపోతే ఈ దీవి అర్థం కాదు. కనీసం మూడు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి. బ్లూ కేవ్‌కు ఒక రోజు గాలి అడ్డుపడినా మర్నాడు అవకాశం ఉంటుంది. పైగా దీవిలో ఖర్చుపెట్టే ప్రతి యూరో నేరుగా అక్కడి కుటుంబాలకే చేరుతుంది. శీతాకాలంలో కూడా జనం అక్కడే నిలవాలన్నా, ఆ సబ్సిడీ ఓడ ఆగకుండా నడవాలన్నా దీవిలో మనుషులు ఉండాలి. ఒకసారి ఖాళీ అయిన ఊరికి ఆ విలువ బాగా తెలుసు.

బుకింగ్‌కు ముందు మూడు విషయాలు సరిచూసుకోండి. తిరుగు ఓడ ఏ రోజుల్లో ఉంది? వీసా సింగిల్ ఎంట్రీయా, మల్టిపులా? ఇండియా ఫ్లైట్‌కు ముందు ఖాళీ రోజులున్నాయా? ఈ మూడింటికీ సమాధానం దొరికాకే టికెట్ కొనండి.