ఉప్పు బురదలో పుట్టే కరెంటు

ఉప్పుటేటి ఒడ్డున కాలు దిగబడితే నల్లటి ఒండ్రు పైకి తేలుతుంది, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. నలుపు ఇనుప సల్ఫైడుది, వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. పైపొర దాటితే అక్కడ ఆక్సిజన్ ఉండదు. లోపలి సూక్ష్మజీవులు కుళ్లిన ఆకూ అలమూ తిని, ఆ తిండి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను సల్ఫేటుకో ఇనుముకో అప్పగించి బతుకుతాయి. పై నీటిలో మాత్రం ఆక్సిజన్ ఉంది. అంటే బ్యాటరీకి కావలసిన రెండు కొసలూ జానెడు లోతులోనే ఉన్నాయి. తొలి ప్రయోగం నుంచి లెక్కేస్తే, ఈ సంగతి మనిషికి అందడానికి తొంభై ఏళ్లు పట్టింది.

1911లో ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు మైఖేల్ పాటర్, ఈస్టూ బ్యాక్టీరియాలూ సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టేటప్పుడు విద్యుత్తు పుడుతోందని చూపించాడు. 1931లో అమెరికాలో బార్నెట్ కోహెన్ అలా కరెంటు ఇచ్చే ఘటాలను (సెల్స్) వరసగా కలిపి 35 వోల్టులు రాబట్టాడు. కరెంటు మాత్రం 2 మిల్లీఆంపియర్లే. ఎలక్ట్రాన్ జీవకణం గోడ దాటి తీగదాకా ఎలా వస్తుంది? చిక్కంతా అక్కడే. 1980లలో లండన్ కింగ్స్ కాలేజీలో పీటర్ బెనెట్టో బృందం, ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే రంగు రసాయనాలు కలిపి పని నడిపింది. ప్రయోగశాల సీసాలో అది సాగింది. తెరిచి ఉన్న చిత్తడినేలలో ఆ రసాయనాలు ఎవరు పోస్తూ ఉంటారు?

నా దృష్టిలో అసలు మలుపు యంత్రం వల్ల రాలేదు, బురద వల్లే వచ్చింది. 1987లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం అమెరికాలోని పొటోమాక్ నది అడుగుమట్టిలో, ఎలక్ట్రాన్లను నేరుగా ఇనుప తుప్పుకు అప్పగించే బ్యాక్టీరియాను వెలుగులోకి తెచ్చింది. తర్వాత దానికి జియోబ్యాక్టర్ అని పేరు పెట్టారు. తుప్పును పట్టుకున్న జీవి, ఎలక్ట్రోడుగా పెట్టే గ్రాఫైటును మాత్రం ఎందుకు పట్టుకోదు?

2001లో క్లేర్ రైమర్స్, లెనర్డ్ టెండర్ తదితర శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో సముద్రపు ఒండ్రులో ఒక ఎలక్ట్రోడు పాతి, పై నీటిలో మరొకటి ఉంచి కరెంటు తీశారు. మరుసటి ఏడు న్యూజెర్సీలోని టకర్టన్ ఉప్పు చిత్తడిలో, ఒరెగాన్‌లోని యాక్వినా బేలో అదే పని ఆరుబయట చేసి చూపించారు. పాతిన ఎలక్ట్రోడు మీద జియోబ్యాక్టర్ చుట్టమైన డీసల్ఫ్యూరోమోనాస్ గుంపు కట్టినట్టు లవ్లీ బృందం అదే ఏడు తేల్చింది. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకటమోహన్ బృందం కూడా రకరకాల నీటి వనరుల అడుగున ఇలాంటి ఘటాలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది.

దిగుబడి సాధారణంగా చదరపు మీటరుకు పదుల మిల్లీవాట్లే. దీనితో ఊరికి దీపాలు వెలిగించాలనుకోవడం పొరపాటు. బ్యాటరీ మార్చడానికి మనిషి వెళ్లలేని చోట దీని విలువ తెలుస్తుంది. 2008లో టెండర్ బృందం వివరించిన వాతావరణ బోయాకు (నీటిపై తేలే పరికరానికి) కావలసింది 18 మిల్లీవాట్లు. పొటోమాక్ బురదలో దించిన మొదటి ఘటం 230 కిలోల బరువుతో 24 మిల్లీవాట్లు ఇచ్చింది. రెండోది 16 కిలోలే, 36 ఇచ్చింది.